వంట అమ్మల పని అని నాలుగేళ్ళ పిల్లవాడికి ఎవరు నేర్పారు?

ప్రశ్న: ఓరుగల్లు అమ్మ

మా అబ్బాయికి నాలుగున్నర ఏళ్ళు. నేను బ్యాంకులో పనిచేస్తాను. ఇంటికి చేరేసరికి రోజూ ఆలస్యమవుతుంది కనుక, వాడు పుట్టిన దగ్గరి నుంచీ మా ఇంట్లో రాత్రి వంట మా వారిదే. పప్పు, కూర, చారు, సెలవురోజుల్లో సర్వపిండి కూడా ఆయనే చేస్తారు. చిక్కుడుకాయల ఈనెలు తీయడం మా వాడు తండ్రి పక్కన కూర్చునే నేర్చుకున్నాడు. అటువంటి పిల్లవాడు ఎల్‌కేజీలో చేరిన కొద్ది నెలలకే "వంట అమ్మల పని" అని తేల్చి చెప్పాడు. "మరి మన ఇంట్లో ఎవరు చేస్తున్నారు?" అని అడిగితే, ఏమాత్రం తడుముకోకుండా "నాన్న నీకు సాయం చేస్తున్నాడు" అన్నాడు.

ఏటికొప్పాక నుంచి తెచ్చిన లక్కపిడతలతో మొన్న మొన్నటి దాకా గంటల తరబడి ఆడుకునేవాడు. ఇప్పుడు అవి ఆడపిల్లలవట. పక్కింటి పాపకు ఇచ్చేయమంటున్నాడు.

మరొక విషయం మమ్మల్ని నవ్వించింది, ఆలోచింపజేసింది కూడా. మా ఆడపడుచు కూతురికి తిరుమలలో మొక్కు తీర్చి గుండు చేయించారు. ఆ పాపను చూసిన మా వాడు "అక్క అబ్బాయి అయిపోయాడు" అని ఇల్లంతా చాటింపు వేశాడు. జుట్టు మళ్ళీ పెరుగుతుందని చెబితే, "అప్పుడు మళ్ళీ అక్క అవుతుంది" అని సమాధానపడ్డాడు.

ఇంట్లో మేము ఎన్నడూ ఇది ఆడవారి పని, ఇది మగవారి పని అని చెప్పలేదు. అలాంటప్పుడు ఈ భావాలు ఎక్కడి నుంచి వచ్చాయి, ఇవి ఇలాగే స్థిరపడిపోతాయా, ప్రతిసారీ ఖండించి సరిదిద్దాలా లేక ఊరుకోవాలా అన్నది తెలిసినవారు వివరించగలరని ఆశిస్తున్నాను.

జవాబు: వికాస పాఠం

నేను కళాశాలలో శిశు వికాసం బోధిస్తాను. మీరు రాసినవాటిలో గుండు సంగతి అన్నిటికన్నా విలువైనది. దానితో మొదలుపెడితే మిగిలినవి సులభంగా అర్థమవుతాయి.

1966లో లారెన్స్ కోల్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, తాను అమ్మాయా అబ్బాయా అన్న అవగాహన పిల్లల్లో ఒక్కసారిగా కాక మెట్లు మెట్లుగా ఏర్పడుతుందని ప్రతిపాదించారు. రెండు, మూడేళ్ళ మధ్య పిల్లలు తాము అమ్మాయో అబ్బాయో చెప్పగలుగుతారు. ఆ తరువాత, అబ్బాయి పెద్దయితే నాన్న అవుతాడు తప్ప అమ్మ కాడని గ్రహిస్తారు. జుట్టు, బట్టలు, ఆట, పని ఏది మారినా ఆ గుర్తింపు మారదన్న సంగతి మాత్రం చాలామంది పిల్లలకు ఐదు నుంచి ఏడేళ్ళ మధ్యనే స్థిరపడుతుంది. మీ అబ్బాయి ప్రస్తుతం రెండవ మెట్టుకూ మూడవ మెట్టుకూ నడుమ ఉన్నాడు. జుట్టు పోతే అక్క అబ్బాయి అవుతుందని నమ్మే పిల్లవాడికి, లక్కపిడతలతో ఆడితే తాను అమ్మాయి అయిపోతానేమోనన్న శంక కలగడంలో ఆశ్చర్యమేముంది? పెద్దలకు అది పంతంలా కనిపిస్తుంది గాని, వాడి లెక్కలో అది జాగ్రత్త.

ఈ విషయంలో శాండ్రా బెమ్ అనే పరిశోధకురాలు చెప్పిన తన ఇంటి ముచ్చట ఒకటి మా విద్యార్థులు ఎన్నటికీ మరచిపోరు. ఆమె కొడుకు ఒకనాడు జుట్టుకు క్లిప్పులు పెట్టుకుని నర్సరీ బడికి వెళ్ళాడు. క్లిప్పులు అమ్మాయిలే పెట్టుకుంటారు కనుక నువ్వు అమ్మాయివేనని తోటి పిల్లవాడొకడు వెంటపడ్డాడు. క్లిప్పులతో సంబంధం లేదని, మగపిల్లవాడికి ఉండే అవయవం తనకు ఉందని ఈ అబ్బాయి ఎంత చెప్పినా వినకపోయేసరికి, చివరికి నిక్కరు కిందికి లాగి చూపించాడు. అవతలి పిల్లవాడు చలించలేదు. అది అందరికీ ఉంటుందని, క్లిప్పులు మాత్రం అమ్మాయిలకే ఉంటాయని బదులిచ్చాడు. బెమ్ 1989లో మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకు, పసివాళ్ళను బట్టలు లేకుండా ఒకసారి, అబ్బాయికి అమ్మాయి బట్టలు, అమ్మాయికి అబ్బాయి బట్టలు వేసి ఒకసారి తీసిన ఫోటోలు చూపి పరిశీలించారు. శరీరంలోని తేడా తెలిసిన పిల్లల్లో అధికశాతం బట్టలు మారినా మనిషి మారలేదని సరిగ్గా చెప్పగలిగారు. ఆ తేడా తెలియనివారిలో అలా చెప్పగలిగినవారు చాలా కొద్దిమంది. శరీర అవయవాలను సిగ్గుపడకుండా, సరైన పేర్లతో పిల్లలకు చెప్పాలని మేము నొక్కి చెప్పడానికి రక్షణకు సంబంధించిన కారణాలతో పాటు ఇదీ ఒక కారణం. తేడా శరీరంలో ఉందని తెలియనివాడు దానిని జడలోనూ గరిటెలోనూ వెతుక్కుంటాడు.

అయితే కోల్‌బర్గ్ సిద్ధాంతానికి ఒక లోటు ఉంది. మూడవ మెట్టు ఎక్కడానికి ఎంతో ముందే, రెండున్నర, మూడేళ్ళకే, బొమ్మల్లోనూ రంగుల్లోనూ ఇష్టాయిష్టాలు వేరుపడటం కనిపిస్తుంది. 1981లో బెమ్ ఒకవైపు, కెరొల్ మార్టిన్, చార్ల్స్ హాల్వర్సన్ మరొకవైపు దీనికి వేరొక వివరణ ఇచ్చారు. తాను ఏ గుంపుకు చెందినవాడో తెలిసిన వెంటనే పిల్లవాడు మనసులో ఒక చట్రం నిర్మించుకుని, చూసిన ప్రతిదాన్నీ అందులో సర్దడం మొదలుపెడతాడు. చట్రంలో ఇమడనిదాన్ని మరచిపోతాడు, లేదా మార్చి గుర్తుపెట్టుకుంటాడు. మార్టిన్, హాల్వర్సన్ 1983లో ఐదారేళ్ళ పిల్లలకు కొన్ని బొమ్మలు చూపించారు. కొన్నింటిలో అలవాటైన పనులు, కొన్నింటిలో అబ్బాయి చేస్తాడనుకునే పనిని అమ్మాయి, అమ్మాయి చేస్తుందనుకునే పనిని అబ్బాయి చేస్తున్నట్లు ఉన్నాయి. వారం తరువాత అడిగితే, ఆ తిరగేసిన బొమ్మల్లోని మనిషినే చాలామంది పిల్లలు మార్చి చెప్పారు. అమ్మాయి చేసిన పనిని అబ్బాయి చేశాడని గట్టి నమ్మకంతో చెప్పారు.

"నాన్న సాయం చేస్తున్నాడు" అన్న మాటను ఈ వెలుగులో చూడండి. మీ అబ్బాయి తండ్రి వంట చేయడాన్ని చూడకపోలేదు, మరచిపోలేదు. వంట అమ్మలదన్న సూత్రం చెడకుండా తండ్రిని అందులో కూర్చోబెట్టడానికి తగిన మాట వెతుక్కున్నాడు. నాలుగున్నరేళ్ళకు అది చిన్న తెలివి కాదు. 2004లో మార్టిన్, డయాన్ రూబుల్ రాసిన వ్యాసంలో ఈ వయసు పిల్లలను అపరాధ పరిశోధకులతో పోల్చారు. ఎవరూ నేర్పకపోయినా ఆధారాలు తామే ఏరుకుని, తొందరపడి తీర్పులు ఇచ్చేస్తారు.

ఇక స్థిరపడిపోతుందా అన్న మీ భయం గురించి. జర్మనీలో ట్రౌట్నర్, సహచరులు అవే పిల్లలను ఏటా గమనిస్తూ వచ్చి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ కఠినత్వం ఐదారేళ్ళ వయసులో పరాకాష్ఠకు చేరి, ఆ తరువాత చాలామందిలో సడలింది. సూత్రం చేతికి చిక్కిన కొత్తలో పట్టు బిగుస్తుంది. చిక్కిందని నమ్మకం కుదిరాక మినహాయింపులకు చోటు దొరుకుతుంది. కాబట్టి ఈ వయసులో కనిపించే మొండితనాన్ని చూసి ఇంటి పెంపకం విఫలమైందని అనుకోనవసరం లేదు. గులాబీ రంగు గౌను తప్ప మరొకటి వేసుకోనని పట్టుబట్టే ఆడపిల్లల గురించి 2014లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో, ఆ పట్టుదలకూ తల్లిదండ్రుల అభిరుచులకూ దాదాపు సంబంధమే కనిపించలేదు. అది పిల్లలు తమకు తాము కట్టుకున్నది.

జవాబు: పలక బలపం

పూర్వ ప్రాథమిక తరగతులు చెప్పడం నా వృత్తి. పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక మాట కలపాలి. పిల్లలు ఆధారాలు ఏరుకుంటారన్నారు, సరే. ఆ ఆధారాలను దారి పొడుగునా చల్లుతున్నది మనమే కదా.

బడిలో మొదటి రోజు మొదటి గంటలో జరిగేది ఏమిటో చూడండి. అబ్బాయిలు ఒక వరస, అమ్మాయిలు ఒక వరస. హాజరుపట్టీలో పేర్లు వేరు వేరు. బెంచీలు జరపాలంటే అబ్బాయిలను పిలుస్తారు, ముగ్గు చుట్టూ పూలు పేర్చాలంటే అమ్మాయిలను పిలుస్తారు. వార్షికోత్సవంలో పోటీ వేషాలకు అబ్బాయి అల్లూరి సీతారామరాజు, అమ్మాయి భరతమాత. ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు, ఎవరూ ఎవరినీ తక్కువ చేయడం లేదు. అయినా వరస వేరుగా ఉన్నప్పుడు, వేరు చేయడానికి ఏదో పెద్ద కారణం ఉండి తీరాలని పిల్లవాడు అనుకుంటాడు. అమెరికాలో హిలియార్డ్, లిబెన్ అనే పరిశోధకులు 2010లో ఇదే పరీక్షించారు. కొన్ని తరగతుల్లో ఉపాధ్యాయులు రెండు వారాల పాటు అబ్బాయిలు, అమ్మాయిలు అంటూ పిలవడం, వరసలు విడిగా కట్టించడం చేశారు. ఏ పని ఎవరిదన్న మాట ఒక్కటీ అనలేదు. రెండు వారాల్లోనే ఆ తరగతుల పిల్లల్లో మూస అభిప్రాయాలు పెరిగాయి, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి ఆడుకోవడం తగ్గింది. ఈ సంగతి తెలిశాక నా తరగతిలో వరసలు చెప్పుల రంగును బట్టి, పుట్టిన నెలను బట్టి కట్టిస్తున్నాను. పిల్లలకు అదే పెద్ద ఆట అయింది. తోటి ఉపాధ్యాయులకు అది కొంత వింతగా ఉన్నదన్న మాట వాస్తవమే.

రెండవది, మీ అబ్బాయి చెప్పింది లోకాన్ని చూసి చెప్పిన మాటగా తీసుకుంటే పెద్దగా తప్పు కాదు. కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ 2019లో దేశమంతటా జరిపిన కాలవినియోగ సర్వేలో, ఆరేళ్ళు దాటిన స్త్రీలలో 81 శాతం మంది ఏదో ఒక ఇంటి పని చేయగా పురుషులలో 26 శాతం మందే చేశారు. చేసేవారిలోనూ స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. మీ వాడు ఒక ఇంట్లో వండే నాన్నను చూశాడు. పక్కింట్లో, ఎదురింట్లో, పెదనాన్న ఇంట్లో, టీవీ ప్రకటనల్లో వండే అమ్మలను చూశాడు. ఒకదానికి ఎదురుగా ఇరవై ఉంటే ఏది నియమం, ఏది మినహాయింపు అని ఎవరైనా ఇలాగే తేల్చుకుంటారు. వాడి పొరపాటల్లా, ఉన్నదాన్ని ఉండవలసినదిగా తీసుకోవడంలోనే ఉంది. ఆ పొరపాటు పెద్దలలో మరీ ఎక్కువ.

అంగన్‌వాడీ కేంద్రాలను కూడా ఒకసారి తలచుకోండి. 1975లో ఈ పథకం మొదలైనప్పటి నుంచీ కార్యకర్త, సహాయకురాలు ఇద్దరూ స్త్రీలే. మూడేళ్ళకు అక్కడ అడుగుపెట్టిన పిల్లవాడికి ముక్కు తుడిచేది, అన్నం పెట్టేది, పాట నేర్పేది, ఏడిస్తే ఎత్తుకునేది ఆడవారే. పసిపిల్లలను సాకడం మగవారు కూడా చేసే పని అనడానికి ఊరిలో ఒక్క సాక్ష్యమైనా కనిపించకపోతే వాడు ఏమని అనుకోవాలి? 2024లో కేరళ ప్రభుత్వం కొత్తగా తెచ్చిన మూడవ తరగతి పుస్తకంలో తండ్రి వంటింట్లో కొబ్బరి కోరుతున్న బొమ్మ వేసింది. మంచి పనే. కాని మూడవ తరగతికి పిల్లలకు ఎనిమిదేళ్ళు వస్తాయి, పునాది నాలుగేళ్ళకే పడుతుంది. బొమ్మలు చూపవలసింది ఇంకా ముందు.

మన ఇళ్ళలో ఇంకొక వేడుక ఉంది, నాకు చాలా ఇష్టమైనది. పుట్టువెంట్రుకలు తీయించే ముందు మగపిల్లవాడికి జడ వేసి, పూలు పెట్టి, కాటుక దిద్ది ఫోటో తీయిస్తారు. పాత ఆల్బమ్‌లు తిరగేస్తే చాలా ఇళ్ళలో దొరుకుతుంది. రెండేళ్ళప్పుడు అద్దంలో చూసుకుని మురిసిన పిల్లవాడే, ఐదేళ్ళకు ఆ ఫోటో ఎవరికీ చూపవద్దని ఏడుస్తాడు. పిల్లవాడి అవగాహన ఆ మధ్యకాలంలో ఎంత దూరం నడిచిందో దానిని బట్టి తెలుస్తుంది.

జవాబు: గోదావరి మాస్టారు

నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. ఇక్కడి చర్చ అంతా పెంపకం, బడి, సమాజం చుట్టూ తిరుగుతోంది. పుట్టుకకు ఏ పాత్రా లేదా అన్నది నా సందేహం. మా ఇంట్లో కవలలు ఉన్నారు, ఒక మనుమడు, ఒక మనుమరాలు. ఒకే తల్లి, ఒకే ఇల్లు, ఒకే రకం బొమ్మలు. మనుమడు అప్పడాల కర్రను బ్యాటు చేసుకుంటాడు, మనుమరాలు ఇసుకతో పెరుగన్నం కలిపి అందరికీ ముద్దలు పెడుతుంది. మేము ఎవరికీ ఏమీ చెప్పలేదు. ప్రకృతి సహజమైన భేదాన్ని కూడా సంఘదోషంగా లెక్కకట్టి, పిల్లవాడి చేతికి బలవంతాన గరిటె ఇవ్వడం సబబేనా?

జవాబు: వికాస పాఠం

మాస్టారూ, పుట్టుకకు పాత్ర లేదని ఎవరూ అనలేరు. ఆడ్రినల్ గ్రంథులకు సంబంధించిన ఒక జన్యుపరమైన స్థితి వల్ల తల్లి గర్భంలో ఎక్కువ మోతాదులో ఆండ్రోజెన్లకు, అంటే మగ లక్షణాలను కలిగించే హార్మోన్లకు, లోనైన ఆడపిల్లలు ఉంటారు. వారు తమ ఇంటి ఇతర ఆడపిల్లల కన్నా కార్లు, లారీల వంటి బొమ్మలను ఎక్కువగా ఎంచుకుంటారని షెరి బెరెన్‌బామ్, మెలిస్సా హైన్స్ 1992లో చూపారు. తరువాతి పరిశోధనలు కూడా దీన్ని బలపరిచాయి. కాబట్టి ఆటల ఎంపికలో పుట్టుకతో వచ్చిన మొగ్గు కొంత ఉంది.

కాని ఆ మొగ్గు ఎంతవరకు వస్తుంది? చక్రాలున్న బొమ్మ మీద మోజు వరకు రావచ్చు. అన్నం వార్చడం, బిడ్డను ఎత్తుకోవడం, జీతం తేవడం, ఏడవకపోవడం, ఇంటి నిర్ణయాలు చేయడం ఎవరి వంతు అన్నది హార్మోన్లు రాసిపెట్టవు. అదంతా ఆ చిన్న మొగ్గు మీద మనం కట్టిన అంతస్తులు.

మీరు ఎవరికీ ఏమీ చెప్పలేదన్నారు. మాటలతో చెప్పి ఉండరు, నమ్ముతాను. అయితే చెప్పకుండా చెప్పేవి ఎన్నో ఉంటాయి. 1976లో కాండ్రీ దంపతులు ఒక పసిపాప వీడియోను పెద్దలకు చూపించారు. మూత తెరుచుకుని పైకి ఎగిరే బొమ్మను చూసి ఆ పాప ఉలిక్కిపడి ఏడుస్తుంది. అబ్బాయి అని చెప్పినప్పుడు చూసినవారు దానిని కోపమన్నారు, అమ్మాయి అని చెప్పినప్పుడు భయమన్నారు. ఏడుపు మాత్రం ఒకటే. 1978లో స్మిత్, లాయిడ్ ఆరు నెలల పిల్లలకు బట్టలు మార్చి వేసి, పరిచయం లేని తల్లుల చేతికి ఇచ్చారు. అబ్బాయి అనుకున్నవారు సుత్తి ఆకారపు గిలక్కాయను, అమ్మాయి అనుకున్నవారు బొమ్మపాపను ముందుగా అందించారు. 2000లో వెలువడిన మరొక అధ్యయనంలో పదకొండు నెలల పిల్లలు ఎంత వాలు ఉన్న పలక మీద పాకగలరో తల్లులను ముందే ఊహించమన్నారు. కొడుకులు ఉన్నవారు ఎక్కువ అంచనా వేశారు, కూతుళ్ళు ఉన్నవారు తక్కువ అంచనా వేశారు. పాకించి చూస్తే ఇద్దరికీ తేడా లేదు. ఆ తల్లులు కూడా ఎవరికీ ఏమీ చెప్పలేదనే అంటారు, అది నిజాయితీగానే అంటారు.

కవలల విషయంలో ఇంకొకటి ఉంది. ఎలినర్ మాకోబీ, కెరొల్ జాక్లిన్ 1987లో ప్రచురించిన పరిశీలనలో, నాలుగున్నరేళ్ళ పిల్లలు అబ్బాయిలైతే అబ్బాయిలతో, అమ్మాయిలైతే అమ్మాయిలతో, అవతలి వారితో కన్నా సుమారు మూడు రెట్లు ఎక్కువ కాలం ఆడుకున్నారు. ఆరున్నరేళ్ళకు అది పదకొండు రెట్లయింది. పుట్టుకతో వచ్చిన చిన్న మొగ్గు పిల్లలను వేరు వేరు గుంపుల్లోకి నెడుతుంది, అక్కడ ఒకరిని చూసి ఒకరు ఆ తేడాను పెంచుకుంటారు. ఇది పుట్టుకా, పెంపకమా అని విడదీయబోతే దొరకదు. గరిటె ఎవరి చేతికీ బలవంతంగా ఇవ్వనవసరం లేదు. చేతిలో ఉన్నదాన్ని లాక్కోకుండా ఉంటే చాలు.

జవాబు: వ్యాకరణ ప్రియుడు

పైవారు వదిలేసిన ఒక కోణం ఉంది. అబ్బాయి "అక్క అబ్బాయి అయిపోయాడు" అన్నాడు, జుట్టు పెరిగాక "మళ్ళీ అక్క అవుతుంది" అన్నాడు. క్రియ ఎంత కచ్చితంగా మారిందో గమనించారా? గుండు ఉన్నంతవరకు మహద్వాచకం, అంటే మగవారికి వాడే రూపం, జుట్టు వచ్చాక మరొకటి. వాడి నమ్మకం తప్పు గాని, ఆ నమ్మకానికి తగిన వ్యాకరణం నిర్దుష్టం.

తెలుగులో ప్రథమ పురుష ఏకవచనం పలికిన ప్రతిసారీ మగవాడా, కాదా అన్నది తేల్చుకోక తప్పదు. వచ్చాడు అనాలో వచ్చింది అనాలో తెలియకపోతే మూడేళ్ళ పిల్లవాడు వాక్యం పూర్తి చేయలేడు. మరోవైపు, తన గురించి చెప్పుకునేటప్పుడు ఆ పట్టింపు లేదు. అమ్మాయి అయినా అబ్బాయి అయినా "నేను వచ్చాను" అనే అంటారు. హిందీ మాట్లాడే పిల్లలకు ఆ వెసులుబాటు కూడా లేదు, నేను వచ్చాను అనడానికే ఆడపిల్లకు ఒక రూపం, మగపిల్లవాడికి ఒక రూపం. గయోరా, సహచరులు 1982లో హీబ్రూ, ఇంగ్లీషు, ఫిన్నిష్ మాట్లాడే పసిపిల్లలను పోల్చి చూస్తే, వ్యాకరణంలో లింగభేదం విస్తారంగా ఉన్న హీబ్రూ పిల్లలు తాము ఎవరన్నది అందరికన్నా ముందు గుర్తించారు, ఆ భేదం లేని ఫిన్నిష్ పిల్లలు అందరికన్నా ఆలస్యంగా గుర్తించారు. కొంతకాలానికి అందరూ ఒకచోటికే చేరారు. కనుక భాష ఆ గుర్తింపును తొందరపెడుతుందే గాని, ఎవరు ఏ పని చేయాలన్నది అది చెప్పదు. ఫిన్నిష్‌తో పోలిస్తే తెలుగు పిల్లవాడికి ఈ పాఠం ముందే మొదలవుతుందని అనుకోవడానికి ఆస్కారం ఉంది.

మనవాళ్ళు ముద్దు చేసేటప్పుడు మాత్రం ఈ నియమాన్ని హాయిగా ఉల్లంఘిస్తారు. కూతురిని "ఏరా కన్నా, తిన్నావురా?" అని పిలవని ఇల్లు అరుదు. కొడుకును "ఏమే" అని ముద్దుగా పిలిచే ఇల్లు మాత్రం నేను చూడలేదు. ఆడపిల్లకు మగ పిలుపు ముద్దు, మగపిల్లవాడికి ఆడ పిలుపు వెక్కిరింపు. అబ్బాయిలు లక్కపిడతలను ముందుగా వదిలేస్తారు, అమ్మాయిలు బ్యాటు పట్టుకున్నా ఎవరూ అంతగా అభ్యంతరపెట్టరు. రెండింటి వెనుకా ఉన్న లెక్క ఒకటే.

ప్రశ్న వేసినవారి మాట: ఓరుగల్లు అమ్మ

ఇంత ఓపికగా వివరించిన అందరికీ ధన్యవాదాలు. మా అత్తయ్యగారు పిల్లవాడిని ఎంతో ప్రేమగా చూస్తారు గాని, వాడు ఏడిస్తే చాలు "మగపిల్లాడివి, ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా" అంటారు. నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదని సామెత కూడా చెబుతారు. పెద్దావిడకు ఎదురు చెప్పలేను. అదీ కాక, వాడు ఏదైనా అన్నప్పుడు "అలా కాదు నాన్నా, అబ్బాయిలు కూడా వంట చేయవచ్చు" అని చెబుతూనే ఉన్నాను, వాడు పట్టించుకోవడం లేదు. మాకు ఏడాదిన్నర పాప కూడా ఉంది. దాని విషయంలో ముందుగా ఏమి చూసుకోవాలి?

జవాబు: వికాస పాఠం

"అబ్బాయిలు కూడా" అన్న మాటలోనే చిక్కు ఉంది. ఆ "కూడా" వల్ల వంట మొదటి హక్కుదారు ఎవరో పిల్లవాడికి మరింత స్పష్టమవుతుంది. సూసన్ గెల్మన్, సహచరులు 2004లో తల్లులు రెండున్నర నుంచి ఆరున్నరేళ్ళ పిల్లలతో బొమ్మల పుస్తకాలు చూస్తూ మాట్లాడుకున్న మాటలను విశ్లేషించారు. మూస అభిప్రాయాలను తల్లులు తమంత తాముగా చెప్పడం చాలా అరుదు. కాని అబ్బాయిలు ఇలా, అమ్మాయిలు అలా అని మొత్తం గుంపును గురించి మాట్లాడటం తరచుగా కనిపించింది. పిల్లలు అటువంటి మాట అన్నప్పుడు తల్లులు ఖండించిన సందర్భాల కన్నా ఔనన్న సందర్భాలే ఎక్కువ.

కాబట్టి గుంపు నుంచి మనిషి వైపు మాట మళ్ళించండి. అబ్బాయిలు వంట చేయవచ్చునా అన్న వాదన పెట్టుకోకుండా, బాబాయి నిన్న ఏమి వండాడు, పెళ్ళిలో అన్ని వందల మందికి వంట చేసిన వంటవారు ఎవరు, చారులో ఇంగువ ముందు వేయాలా తరువాత వేయాలా అని మాట్లాడండి. పిల్లవాడు సూత్రం చెప్పినప్పుడు వెంటనే తప్పు పట్టకుండా, "నీకు ఎలా తెలిసింది?" అని అడిగితే, ఆధారం ఎక్కడ దొరికిందో వాడే చెబుతాడు. లక్కపిడతలు ఎవరికీ ఇవ్వకుండా అటక మీద పెట్టండి. ఏడు, ఎనిమిదేళ్ళకు పట్టు సడలినప్పుడు అవి మళ్ళీ అక్కరకు రావచ్చు.

మీ అత్తయ్యగారితో సామెత గురించి వాదన వద్దు. పిల్లవాడు ఏడ్చినప్పుడు మీరో మీ వారో ముందుగా అందుకుని, "మోకాలు గీసుకుపోయింది, నొప్పిగా ఉంది కదా" అని ఏడుపుకు కారణాన్ని పైకి అనండి. ఏడుపు నొప్పికి సంబంధించినదని, ఆడామగాకు సంబంధించినది కాదని వాడికి అక్కడే తెలుస్తుంది. మీ వారు ఆ మాట అంటే ఇంకా మేలు, తండ్రి అన్న మాటను వాడు తన గుంపు మాటగా లెక్కవేస్తాడు.

పాప విషయంలో నేను ఎక్కువగా జాగ్రత్తపడమనేది గౌనుల రంగు గురించి కాదు, ఆరేళ్ళ వయసు గురించి. లిన్ బియాన్, శారా జేన్ లెస్లీ, ఆండ్రే సింపియన్ 2017లో అమెరికా పిల్లలకు, చాలా చాలా తెలివైన మనిషి కథ ఒకటి పేరు చెప్పకుండా చెప్పి, ఆ మనిషి ఎవరై ఉంటారని ఫోటోలు చూపి అడిగారు. ఐదేళ్ళ ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా తమవారిని ఎంచుకున్నారు. ఆరేడేళ్ళ ఆడపిల్లలలో అది తగ్గింది. బడిలో మంచి మార్కులు ఎవరికి వస్తాయని అడిగితే మాత్రం వారు అమ్మాయిల పేరే చెప్పారు. అంటే మార్కులు తమకు వస్తాయని తెలుసు, తెలివి మాత్రం అవతలి వారిదనుకుంటున్నారు. చాలా తెలివైన పిల్లల కోసం అని చెప్పిన ఆట మీద ఆరేడేళ్ళ ఆడపిల్లల ఆసక్తి మగపిల్లల కన్నా తక్కువగా ఉంది, బాగా కష్టపడే పిల్లల కోసం అని చెప్పిన ఆట మీద తేడా లేదు.

మన ఇళ్ళలో కూతురికి మంచి మార్కులు వస్తే "బాగా కష్టపడుతుంది, బుద్ధిగా కూర్చుంటుంది" అంటారు, కొడుక్కి తక్కువ వస్తే "బుర్ర ఉంది, చదవడు గాని" అంటారు. పాపకు అప్పుడే మాటలు వస్తున్న ఈ రోజుల నుంచే ఈ రెండు వాక్యాలు ఇంటికి వచ్చినవారి నోట ఎవరిని గురించి వస్తున్నాయో వినండి, వచ్చిన చోట అప్పటికప్పుడే, పాప వినేలా, "దీనికి బుర్ర కూడా చురుకే" అని ఒక మాట అనండి.